సిప్పోరా ఇక్కడ లేదు

యూదుల కొండ ఊరు సఫేద్‌లో ఆ శుక్రవారం పొద్దుటి నుంచీ ముసురే. సాయంత్రం మొదలయ్యే విశ్రాంతి దినం సబ్బాతు భోజనానికి చిక్కుడు గింజల కుండ సన్నటి సెగ మీద ఉడుకుతోంది. ఆ వాసన కూడా బత్యాకు తెలియడం లేదు. ఐదేళ్ల కూతురు సిప్పోరా జ్వరంతో కళ్లు తెరవడం లేదు. వైద్యుడు చేతులెత్తేశాడు.

ఇక మిగిలింది పేరు మార్చడమే. మరణదూత పేరు పట్టుకునే వస్తాడు. ఆ పేరు గలవాళ్లు ఇంట్లో లేకపోతే తిరిగి పోతాడు. తండ్రి ఎల్యాకీము మధ్యాహ్నమే సమాజమందిరంలో పదిమందిని కూడగట్టి, కీర్తనలు చదివించి, పిల్లకు హయా అని పేరు పెట్టించి వచ్చాడు. హయా అంటే బతికేది.

"పిట్ట అని అర్థం వచ్చే పేరెందుకే అంటే విన్నావా? పిట్ట ఎగిరిపోక ఏం చేస్తుంది?" అత్త మెనూహా దెప్పుతూనే కళ్లొత్తుకుంది. "ఇక ఆ పేరు నీ నోట రాకూడదు. వచ్చిందో, వాడికి నువ్వే దారి చూపినట్టు."

సబ్బాతు దీపాలు వెలిగించాక మెనూహా, ఎల్యాకీము ప్రార్థనకు వెళ్లారు. చీకటి పడుతోంది. తలుపు సందులోంచి అప్పుడే తవ్విన మట్టి వాసన వచ్చింది.

టక్... టక్...

"సిప్పోరా ఉందా?" మెత్తటి గొంతు, ఎంతో మర్యాదగా.

బత్యా గడియ తీయలేదు. "ఆ పేరు గలవాళ్లు ఈ ఇంట్లో లేరు."

"ఎప్పుడూ లేరా?"

"...ఎప్పుడూ లేరు."

అడుగులు మెట్లు దిగి పోయాయి. బత్యా పరుగున వెళ్లి పిల్ల నుదురు తాకింది. చల్లగా ఉంది. జ్వరం దిగిపోయింది! ఏడుస్తూ ముద్దులు పెట్టింది. పిల్ల కళ్లు తెరిచి చూసింది.

"ఎవరండీ మీరు?"

అంతలో మళ్లీ చప్పుడు. ఈసారి తలుపు కింది భాగంలో... చిన్న చేతులతో.

"అమ్మా... నేనే. చలేస్తోంది. తలుపు తియ్యవే..."

కన్నతల్లికి ఆ గొంతు తెలియదా! బత్యా లేవబోయింది. పడక మీది పిల్ల ఆమె మణికట్టు పట్టుకుంది. "మీరే అన్నారుగా," అని గుసగుసలాడింది. "ఎప్పుడూ లేరని."

చెయ్యి విదిలించుకుని తలుపు తీసింది. సందంతా ఖాళీ. వాన. దూరంగా, మలుపు అవతల, పిల్ల ఏడుపు... సన్నగిల్లుతోంది. పేరు పెట్టి పిలిస్తే ఆగుతుంది. పిలిస్తే వాడూ వింటాడు. బత్యా నోరు తెరిచింది. పేరు గొంతులోనే ఉండిపోయింది. ఏడుపు ఆగిపోయింది.

ఎల్యాకీము తిరిగొచ్చి, లేచి కూర్చున్న పిల్లను చూసి పొంగిపోయాడు. తల మీద రెండు చేతులూ పెట్టి, "హయా, నా తల్లీ!" అని దీవించాడు.

గుమ్మం దగ్గర బత్యా కదల్లేదు. మెట్టు మీద దొరికిన ఉన్ని మేజోడు చేతిలో ఉంది. తడిసింది గానీ లోపలింకా వెచ్చగానే ఉంది. పిల్ల కాళ్లకు రెండూ ఉన్నాయి, పొడిగా.

ఆమె అల్లింది ఒక్క జతే.