నోటి ప్రశ్న

పలక మీద ప్రశ్న సగమైనా పడకముందే మందార గంట నొక్కేసింది.

"మిరియాలు," అంది.

మిరపకాయ మన దేశానికి రాకముందు కూరల్లో కారానికి ఏం వాడేవారన్నది ప్రశ్న. హాల్లో చప్పట్లు మోగాయి. అవి జవాబుకి కాదు, వేగానికి. జవాబు అక్కడున్న అందరికీ తెలుసు. ఐదో ఏట చెవి వెనక ఆవగింజంత స్ఫురణి పెట్టించుకున్నాక తెలియనిదంటూ ఉండదు. మనసులో ప్రశ్న మెదిలితే చాలు, ఎప్పటినుంచో తెలిసిన సంగతిలాగే జవాబు గుర్తుకొస్తుంది. ఏది తను నేర్చుకున్నదో, ఏది స్ఫురణి అందించిందో ఎవరూ విడదీసి చెప్పలేరు.

"ఆయ్, రాజోలు పిల్ల మళ్లీ కొట్టేసిందండీ!" అన్నాడు పోటీ నడిపే ఆయన.

వరుసగా ప్రశ్నలు పడుతున్నాయి. మూకీ సినిమాల తొలిరోజుల్లో ఆడవేషాలు ఎవరు కట్టేవారు, కాకతీయుల రాజధాని ఏది, ఆక్టోపస్‌కి గుండెలెన్ని. మందార పెదవి కదపకుండా గంట నొక్కుతూనే ఉంది. రెండో చెయ్యి మాత్రం పొట్ట మీద ఉంది.

తల్లి సత్యవేణి ఆ చెయ్యి చూసింది. బడిలో ఆవిడ తోడు పంతులమ్మ. పిల్లలకి చెప్పడానికేమీ లేదు కనక పక్కన కూర్చోవడమే ఉద్యోగం. పిల్ల పొట్ట ఎందుకు పట్టుకుందా అనుకుంది. అనుకోగానే తెలిసిపోయింది. పోటీల ముందు బెరుకు వల్ల పిల్లలు అలా చెయ్యడం మామూలే. ఆవిడ మనసు కుదుటపడింది.

పక్కన కూర్చున్న మలికిపురం పిల్ల తల్లి నవ్వింది. "మీ అమ్మాయి తలకాయలో గాలి తప్ప ఏమీ ఉన్నట్టు లేదండీ. అంత ఖాళీగా ఉంటే గానీ ఇంత వేగం రాదు."

అది దెప్పే అయినా మెప్పు కూడా. మనసులో వేరే ప్రశ్న లేని పిల్లకే జవాబు ముందు అందుతుంది. సత్యవేణి రెండేళ్లుగా కూతురికి నేర్పింది అదే. "మధ్యలో ఏదైనా ప్రశ్న వచ్చిందనుకో, జవాబు తీసుకుని వదిలెయ్యి. పట్టుకుని వేలాడకు." పైకి అడగడమన్న మాటే లేదు. నోటి ప్రశ్న అడిగే పిల్లల్ని, పదిమందిలో ముక్కు చీదే పిల్లల్ని చూసినట్టు చూసేవారు.

ఆ సాయంత్రం తండ్రి వీర్రాజు ఆత్రేయపురం పూతరేకులు తెచ్చాడు. మందార ముట్టుకోలేదు.

"తినమ్మా. రేపు ఫైనల్సు," అన్నాడు.

పిల్ల తల అడ్డంగా ఊపింది. ఎందుకు తినడం లేదో వీర్రాజుకి వెంటనే తెలిసింది. అలసిపోయిన పిల్లలకి ఆకలి మందగిస్తుంది. రేకుల మీద మూత పెట్టేశాడు.

"నాన్నా, శుక్రుడి మీద ఒక రోజు ఒక సంవత్సరం కంటే పెద్దది," అంది మందార, గోడకి తిరిగి పడుకుని.

"అవునమ్మా," అన్నాడు వీర్రాజు. ఆయనకీ తెలుసు. ఇంక మాట్లాడుకోవడానికేమీ లేకపోయింది.

మర్నాడు ఫైనల్లో గంట మీదికి చెయ్యి చాపి మందార అలాగే ఒరిగిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ గ్లవ్స్ విప్పుకుంటూ బయటికొచ్చింది. "అపెండిక్స్ లోపలే పగిలిపోయింది. విషం ఒళ్లంతా పాకింది. మూడు నాలుగు రోజుల నొప్పి అది. పిల్ల మీకు చెప్పే ఉండాలి."

"చెప్పలేదండి," అంది సత్యవేణి.

స్ఫురణి కూడా చెప్పలేదు. ఎవరు అడిగారో అది చూడదు, ఏమడిగారో ఎవరికీ చేరవెయ్యదు. పిల్లల మనసుల్లోకి ఎవరూ తొంగి చూడకూడదని తల్లిదండ్రులే ఊరేగింపులు తీసి తెచ్చుకున్న చట్టం అది. జెండా పట్టుకుని నడిచినవాళ్లలో సత్యవేణి ఒకతె.

మంచం పక్కన కూర్చుని, ఎన్నేళ్ల తర్వాతో, ఆవిడ నోరు తెరిచి అడిగింది. "నొప్పేస్తుంటే నన్నడగలేదేమే తల్లీ?"

పిల్ల కళ్లు విప్పింది. తల్లి నోటి ప్రశ్న అడిగినందుకు కాస్త సిగ్గుపడినట్టు అటూ ఇటూ చూసింది.

"అడిగానమ్మా. లోపల."

"ఏమని తెలిసింది?"

"తిన్నది అరక్కపోతే కడుపునొప్పి వస్తుంది. తగ్గిపోతుంది." మందార ఊపిరి తీసుకుంది. "తెలిసింది కదా, వదిలేశాను. వేలాడలేదమ్మా."

తప్పేమీ లేదు జవాబులో. కడుపునొప్పుల్లో ఎక్కువ భాగం అలాగే వస్తాయి, అలాగే పోతాయి. దీపాలు పెట్టే వేళకి మందార పోయింది.

పరామర్శకి వచ్చినవాళ్లు ఏమీ అడగలేదు. ఎలా పోయిందో అందరికీ తెలుసు. కాసేపు కూర్చుని, చేతులు జోడించి వెళ్లిపోయారు. దినం నాడు అంతర్వేది నుంచి వీర్రాజు మేనత్త సూరాయమ్మ వచ్చింది. ఆ వయసు తలల్లో స్ఫురణి పనిచెయ్యదు కనక ఆవిడకది లేదు. గుమ్మంలోంచే అడగడం మొదలుపెట్టింది.

"ఏవే సత్తేణీ, అన్నం తిన్నావా? రాత్రి పడుకున్నావా? పిల్ల గుర్తొస్తందా?"

"అత్తా, ఊరుకో," అన్నాడు వీర్రాజు.

"నువ్వూరుకోరా. ఏడవనీ." సూరాయమ్మ సత్యవేణి పక్కన చతికిలబడి చెయ్యి పట్టుకుంది. "మా పిల్లలైతే అడిగి అడిగి ప్రాణాలు తోడేసేవోరు. సముద్రంలో ఉప్పెవరేశారే అని ఒకడు, కోసిన కోడి మళ్లీ ఎప్పుడొస్తదే అని ఒకడు. నీ పిల్ల ఏవడిగేదే?"

"ఆక్టోపస్‌కి మూడు గుండెలని చెప్పింది," అంది సత్యవేణి. "శుక్రుడి మీద..."

"చెప్పింది కాదే. అడిగింది."

సత్యవేణి వెతుక్కుంది. పిల్లకి తల దువ్వుతున్నప్పుడు, నీళ్లు పోస్తున్నప్పుడు, పక్కలో వేసుకున్నప్పుడు. ఎక్కడ చూసినా పిల్ల మూసిన పెదవులే కనిపించాయి. మా మందార ఏం అడిగేది, అనుకుంది దిగులుగా.

అనుకోగానే, ఎప్పటినుంచో తెలిసిన సంగతిలాగే, గుర్తొచ్చింది.

"ఆకాశం గురించి అడిగేది పిన్నీ," అంది. "జంతువుల గురించి. చచ్చిపోతే ఏమవుతారని."

"నాకూ గుర్తుంది," అన్నాడు వీర్రాజు కళ్లు ఒత్తుకుంటూ. "ఆకాశం గురించి అడిగేది. జంతువుల గురించి. చచ్చిపోతే ఏమవుతారని."

సూరాయమ్మ ఇద్దరి తలలూ నిమిరింది. "పోనీలేరా. ఆ కాస్తన్నా మిగిలింది మీకు."