చూపుపలక కనబడలేదు

వైదేహి మళ్ళీ అరచెయ్యి పలకకు ఆనించింది. పలక అంచున ఆకుపచ్చ వెలుగు పాకి ఆగింది. వంటగది గోడలో ఉన్న ముద్రిణి మాత్రం చిన్న చప్పుడు చేసి, పొద్దున్నుంచీ చెబుతున్న మాటే చెప్పింది.

"చూపుపలక కనబడలేదు. దయచేసి అనుసంధానం సరిచూడండి."

"ఎదురుగా ఉంటే కనబడకపోవడమేంటండీ?" అంది వైదేహి, నవ్వించాలని.

త్రినాథ్ నవ్వలేదు. ముద్రిణి ముందు మోకాళ్ళ మీద కూర్చుని దాని మూత తీస్తున్నాడు.

కాకినాడ తీరం పొడుగునా లేచిన గోపురాల్లో సర్వముద్రిణి లేని ఇల్లు లేదు. దాని కన్ను పడకగది కిటికీ పక్కన బల్లలా పరిచి ఉండే చూపుపలక. దాని చెయ్యి వంటగదిలోని ముద్రిణి. రెండింటినీ కలిపేది ఇంటి అల. పొద్దున లేచి పలక మీద చెయ్యి పెడితే అది నాడినీ నెత్తురునూ చూసి ముద్రిణికి కబురు పంపేది. ఆ మనిషికి ఆ పూట కావలసిన తిండి, మందు పళ్ళెంలోకి వచ్చి పడేవి. పగిలిన గిన్నెనో చిరిగిన చొక్కానో పలక మీద పెడితే అలాంటిదే కొత్తది తయారయ్యేది. కిరాణా కొట్లు, మందుల షాపులు ఎప్పుడో మూతబడ్డాయి. ఒకరి గుమ్మంలో ఒకరు నిలబడి కాస్త పంచదారో, సూదీ దారమో అడిగే అలవాటు కూడా వాటితోపాటే పోయింది.

అన్నీ ఇంట్లోనే దొరికేచోట, ఒకరిని అడగవలసి రావడం చెప్పుకోలేని లోపం అయింది. దానికొక పేరు కూడా పుట్టింది: అడుగుబాటు. ఆ మాట నలుగురిలో పైకి అనరు. పిల్లలు దెబ్బలాటలో నోరుజారి అంటే తల్లులు గదమాయిస్తారు.

త్రినాథ్ సర్వముద్రిణులు తయారుచేసే సంస్థలోనే పనిచేస్తాడు. యంత్రం మొరాయించినప్పుడు ఏం చెయ్యాలో ఇంటివాళ్ళకు ఒక్కొక్క మెట్టుగా చెప్పే 'మార్గవాణి' అతను రాసిందే. ఎన్నో ఇళ్ళలో మనుషులు అతని మాటలు విని, ఎవరినీ అడగకుండా తమ యంత్రాలను తామే బాగుచేసుకున్నారు. అది అతనికి గర్వంగా ఉండేది.

ఆ పొద్దున తాను రాసిన మాటల్నే తాను పాటించాడు. రెండింటినీ ఆపి, కాసేపు ఆగి, మళ్ళీ వెలిగించాడు. ఇంటి అలను ఆర్పి లేపాడు. ముద్రిణి జ్ఞాపకంలోంచి పలక పేరు చెరిపి కొత్తగా చేర్చబోయాడు. పలక దగ్గరకు వెళ్తే అది 'జతపడింది' అని చూపించింది. ముద్రిణి దగ్గరకు వస్తే కనబడలేదంది. పలక అబద్ధం చెబుతోందనుకున్నాడు త్రినాథ్. అది దేనితో జతపడిందో చూడాలని మాత్రం అతనికి తట్టలేదు.

ఒక్కో ప్రయత్నానికీ వైదేహి వచ్చి చెయ్యి పెట్టేది. ఏమీ రాకపోతే వెళ్ళి కూర్చునేది. ఆమెకు గుండె లయ తప్పే జబ్బు ఉంది. మాత్ర వేసుకుంటే మామూలుగా తిరుగుతుంది, వేసుకోకపోతే కష్టం. ఆ మాత్ర ఏ రోజుకారోజు మోతాదు మారుతుంది కాబట్టి పలక చూసి చెప్పాల్సిందే. నిన్నటి మాత్ర దాచుకుంటే ఇవాళ్టికి పనికిరాదు.

ఆమె అలిసిపోతోందని గమనించి త్రినాథ్ ఆమెను పిలవడం మానేశాడు. పలక మీద ఒక స్టీలు చెంచా పెట్టి పరీక్షించడం మొదలుపెట్టాడు. ఒక్క చెంచా వస్తే చాలు, మాత్ర కూడా వస్తుంది. ఎన్నిసార్లు పెట్టినా ముద్రిణి పళ్ళెం ఖాళీగానే ఉంది.

"ఏవండీ," అంది వైదేహి. "ఎదురింటి మార్తగారి పలక మీద చెయ్యి పెట్టొస్తానండి. ఏ పలకైనా నా చెయ్యిని గుర్తుపడుతుందని మీరే అన్నారు కదా."

త్రినాథ్ చేతిలో పని ఆగిపోయింది. "ఎదురింటికెళ్ళి అడుగుతావా?"

"అడిగితే ఏమవుద్ది?"

"ఏమవుద్దా? మార్గవాణి రాసేవాడి ఇంట్లోనే పలక పనిచెయ్యట్లేదంట అని గోపురమంతా చెప్పుకుంటారు. నాకు తలెత్తుకునే దారుంటుందా?"

"ఆవిడ ఎవరికీ చెప్పే మనిషిలా లేరండి. లిఫ్టులో కనబడితే తల దించుకుని నిలబడతారు, అంతే."

"ఆవిడ చెప్పకపోయినా ఆవిడకి తెలుస్తుంది కదా." అతని గొంతు కాస్త హెచ్చింది. "నేనుండగా నువ్వు ఒకరి గుమ్మంలో నిలబడ్డమేంటి? ఇంకొంచెం ఓపిక పట్టు. దొరికేసింది, ఇంకెంతో లేదు."

వైదేహి అయినా లేచి తలుపు దాకా వెళ్ళింది. త్రినాథ్ ఆమె వెనకాలే వెళ్ళి తలుపుకూ ఆమెకూ మధ్య నిలబడ్డాడు. చెయ్యి పట్టుకుని ఆపలేదు, అరవలేదు. "వద్దు, వైదేహీ," అన్నాడు బతిమాలుతున్నట్టు. ఆ బతిమాలడం చూసి ఆమె వెనక్కి తిరిగింది.

సంస్థకు ఫోన్ చేద్దామా అనుకున్నాడు. చేస్తే తన కింద పనిచేసేవాళ్ళే ఎత్తుతారు. వాళ్ళు తను రాసిన మెట్లే తనకు చదివి వినిపిస్తారు. ఫోన్ పక్కన పెట్టేశాడు.

మధ్యాహ్నం దాటింది. "కాస్త ఆయాసంగా ఉందండి," అంది వైదేహి పడకగదిలోంచి.

"అయిపోయింది, అయిపోయింది," అన్నాడు త్రినాథ్. తల ముద్రిణి లోపల ఉంది. బయటికి తీయలేదు.

తర్వాత ఏదో బరువైనది నేలకు ఒరిగిన చప్పుడు వినబడింది.

పరుగెత్తి చూసేసరికి వైదేహి పలక పక్కన పడి ఉంది. పడబోయే ముందు ఇంకొకసారి తనంతట తనే చెయ్యి పెట్టినట్టుంది, పలక అంచు ఇంకా వెలుగుతోంది. పెదవుల్లో రంగు లేదు. పిలిస్తే కళ్ళు కదిలాయి కానీ మాట రాలేదు. త్రినాథ్ ఆసుపత్రి ప్రాణరథానికి కబురు చేశాడు. అవతలి గొంతు తొందరగా చెప్పింది. "బయల్దేరుతున్నాం. ఈలోగా ఆవిడ ఇవాళ్టి మాత్ర నాలుక కింద పెట్టండి. ఆలస్యం చెయ్యకండి."

ఇవాళ్టి మాత్ర లేదని చెప్పడానికి కూడా త్రినాథ్‌కు నోరు రాలేదు. "అలాగేనండి," అన్నాడు.

ఎదురింటి తలుపు ముందు నిలబడి చెయ్యెత్తాడు. ఇన్నేళ్ళుగా ఆ తలుపు చూస్తున్నాడు, దాన్ని ఎప్పుడూ తాకలేదు. తట్టాక ఏమనాలో తెలియలేదు. వెనక తన ఇంట్లో భార్య ప్రాణం మీదకొచ్చి ఉంది, తను ఇక్కడ మాటలు కూడబలుక్కుంటున్నాడు. అది తనకే తెలుస్తోంది. అయినా మాటలు వచ్చేదాకా చెయ్యి తలుపు మీద పడలేదు.

ఒక్కసారి తట్టగానే తలుపు తెరుచుకుంది. మార్త తలుపు వెనకాలే ఉన్నట్టుంది. యాభై దాటిన మనిషి, జుట్టు సగం నెరిసింది. ఆమె రెండు చేతుల్లో ఒక గిన్నె ఉంది. గిన్నె నిండా తెల్లటి మాత్రలు.

"వీటి కోసమేనా అండీ?" అంది.

ఆమె భుజం మీదుగా త్రినాథ్‌కు లోపలి బల్ల కనబడింది. దాని మీద చెంచాలు వరసగా పేర్చి ఉన్నాయి. అన్నీ తన ఇంటి చెంచాలే. పిడి మీద పూలతీగ, తీగ మధ్యలో తన ఇంటి చెంచాకున్న సొట్ట కూడా.

అతనికంతా అర్థమైంది. పలక జతపడిన మాట నిజమే, ఈ ఇంటి ముద్రిణితో జతపడింది. వైదేహి చెయ్యి పెట్టిన ప్రతిసారీ ఆమె మాత్ర ఈ గిన్నెలోకి వచ్చి పడింది.

"ఆవిడ పడిపోయింది," అన్నాడు. అంతకుమించి ఇంకేమీ అడగలేకపోయాడు.

మార్త చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేసింది. "ఇది ఆఖర్న వచ్చింది, ఇదే పెట్టాలి," అని గిన్నెలోంచి ఒక మాత్ర ఏరి వైదేహి నాలుక కింద పెట్టింది. నేల మీద చతికిలబడి ఆమె తల ఒళ్ళోకి తీసుకుంది. వేరే ఇంటి మనిషి ఆ పడకగదిలోకి రావడం అదే మొదలు. త్రినాథ్ గోడకు ఆనుకుని నిలబడి, తన చేతులకంటిన ముద్రిణి మురికి చూసుకున్నాడు.

"పొద్దున నా టిఫిన్ రాలేదండి," అంది మార్త, తల ఎత్తకుండా. "కాసేపటికి మాత్ర వచ్చింది, వైదేహిగారి పేరుతో. తీసుకుని మీ తలుపు దాకా వచ్చాను. ఒకరి ఒంట్లో బాగోలేని సంగతి నాకు తెలిసిపోయింది కదా, ఇస్తే మీరేమనుకుంటారో అని వెనక్కెళ్ళిపోయాను. మళ్ళీ ఇంకోటొచ్చింది. మళ్ళీ వచ్చాను. తర్వాత చెంచాలు మొదలయ్యాయి. మీరేదో బాగుచేసుకుంటున్నారులే, చేసుకుంటారులే అనుకున్నానండి." ఆమె వైదేహి నుదుటి మీది జుట్టు పక్కకు తీసింది. "నాకు సిగ్గేసింది."

ఆమె పొద్దున్నుంచీ ఏమీ తినలేదని త్రినాథ్‌కు అప్పుడు తట్టింది. ఏమైనా తింటారా అని అడగడానికి అతని ఇంట్లోనూ ఏమీ లేదు.

వైదేహి బతికింది. గుండెలో కొంతభాగం మాత్రం దెబ్బతిన్నదనీ, ఇక మెట్లెక్కడం, బరువులెత్తడం కుదరదనీ ఆసుపత్రిలో చెప్పారు. పడిపోయి చాలాసేపైందా అని వైద్యురాలు అడిగింది. పడి ఎక్కువసేపు కాలేదన్నాడు త్రినాథ్. ఆమె అడిగిన దానికి అది సరైన జవాబే. పొద్దున్నుంచీ మాత్ర లేని సంగతి దాచి ఆ జవాబు చెప్పినందుకు అతనికి ఇంకా సిగ్గేసింది.

యంత్రాలు బాగవడానికి ఎంతోసేపు పట్టలేదు. వైదేహి పడిపోవడానికి ముందురోజు పొద్దుపోయాక గోపురమంతటా ముద్రిణులు తమను తాము కొత్తపరుచుకున్నాయి. అప్పుడు ఎదురెదురు ఇళ్ళలోని రెండు పలకలకూ ఒకే పొట్టిపేరు పడింది. రెండిళ్ళవాళ్ళూ ఒకేసారి తమ పలకలకు వేరువేరు పేర్లు చెప్పి పిలిస్తే చాలు. త్రినాథ్ తన ఇంట్లోంచి, మార్త ఆమె ఇంట్లోంచి, తెరిచి ఉంచిన తలుపుల గుండా ఒకరికొకరు వినబడేలా ఆ పేర్లు చెప్పారు. ముద్రిణి వెంటనే "చూపుపలక సిద్ధంగా ఉంది" అంది. మార్గవాణిలో అతను రాసిన మెట్లన్నీ ఒక ఇంటి నాలుగు గోడల లోపలే ఉన్నాయి. గుమ్మం దాటే మెట్టు అందులో ఒక్కటీ లేదు.

ఇంటికొచ్చాక వైదేహి అతన్ని ఒక్క మాట అనలేదు. అంటుందేమోనని త్రినాథ్ ఎదురుచూశాడు. అంటే బాగుండుననుకున్నాడు. ఒకరోజు ఆమె దిండుకు ఆనుకుని కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ, "ఆవాళ నేను తలుపు దాకా వెళ్ళాను గదండీ," అంది. అంతే అంది. త్రినాథ్ పక్కగదిలోకి వెళ్ళి, పనేమీ లేకపోయినా అక్కడే ఉండిపోయాడు.

కాస్త నడవగలిగిన నాటి నుంచి ఆమె పొద్దున్నే మార్త ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టింది. చెయ్యి అక్కడి పలక మీదే పెట్టేది, మాత్ర అక్కడే వేసుకునేది. వాళ్ళిద్దరి మాటలు, అప్పుడప్పుడు నవ్వులు తలుపుల గుండా వినబడేవి.

"మన పలక బాగైంది కదా," అన్నాడు త్రినాథ్ ఒకసారి.

"తెలుసండి," అంది వైదేహి, చీర చెంగు సర్దుకుంటూ. వెళ్ళిపోయింది.

మార్త చెల్లెలి ఊరికి వెళ్ళిన రోజు ఎదురింటి తలుపు మూసి ఉంది. ఇవాళ ఇంట్లోనే చెయ్యి పెడుతుందని త్రినాథ్ పలకను తుడిచి ఉంచాడు. వైదేహి మాత్రం బయటికే నడిచింది. అతను తలుపు సందులోంచి విన్నాడు. ఆమె నెమ్మదిగా వరండా చివరిదాకా వెళ్ళింది. అక్కడ కొత్తగా దిగిన జంట ఉంటోంది. తలుపు తట్టిన చప్పుడు వినబడింది.

"ఎవరండీ?" ఆడపిల్ల గొంతు, బెదిరినట్టు.

"అటు చివర మొదటింట్లో ఉంటానమ్మా. వైదేహిని. మీ పలక మీద ఒకసారి చెయ్యి పెట్టుకోనిస్తావా? గుండె మాత్ర రావాలి."

తలుపు సందు దగ్గర త్రినాథ్ ముఖం వేడెక్కింది. అడుగుతున్నది ఆమె, సిగ్గుపడుతున్నది తను.

"మీ పలక పాడైందా అండీ?"

"లేదమ్మా, బాగానే ఉంది. పాడైన రోజున నువ్వెవరో నాకు తెలిసుండాలి గదా, అందుకొచ్చాను."

"అయ్యో, రండి, లోపలికి రండి."

తలుపు మూసుకుంది. త్రినాథ్ అక్కడే నిలబడిపోయాడు. ఆమె ఆ వరండాలో ఒక్కొక్క తలుపునూ ఎందుకు తెరిపించుకుంటోందో అతనికి అర్థమైంది. ఇంకోసారి అలాంటి రోజు వస్తే ఇంట్లో ఉన్న మనిషి మీద ఆధారపడకుండా ఉండాలని. అందులో కోపం లేదు. జబ్బు మనిషి జాగ్రత్తపడుతోంది, అంతే.

వైదేహి తిరిగొచ్చి తలుపు తోసేసరికి అతను తలుపు వెనకాలే ఉన్నాడు. పక్కకు తప్పుకునే సమయం చిక్కలేదు.

"విన్నారా?" అంది.

"విన్నాను."

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అలా చూడటం అదే మొదలు. ఆయాసం తీరేదాకా గుమ్మానికి చెయ్యి ఆనించి నిలబడింది.

"ఆ అమ్మాయి పేరు సౌజన్యంట. మంచి పిల్ల. రేపు మీరు కూడా రండి," అంది. "రేపు మీరడగండి."

త్రినాథ్ సరేననబోయి ఆగిపోయాడు. తల వంచుకుని, ఆమె లోపలికి రావడానికి దారి ఇచ్చాడు.