పెంటికలు లేని హెలిప్యాడ్

"సైన్యానికి కొత్త హెలికాప్టర్ కొనుడంటే పెళ్లిచూపులనుకున్నవా ఈశ్వర్?" చీఫ్ శంకరప్ప అనంతగిరి గెస్ట్‌హౌస్ కిటికీ మూస్తూ అన్నాడు. "కాగితాల మీద నెగ్గాలె. ఎండల నెగ్గాలె. మంచుల నెగ్గాలె. ఇగ ఆఖరి పరీక్ష దుమ్ముల. ఎల్లుండి పొద్దుగాల తాండూరు దగ్గర, జవాన్లను ఎక్కించుకొని, నారింజ జెండా పక్కన సున్నంతోని గీసిన గుండ్రంలనే దిగాలె. దిగకుంటే కథ మళ్ల మొదటికి."

"శత్రువు ఎవరు సార్?"

"విదేశీ ముఠా. కోడ్‌నేమ్ రస్ట్. దిగేటప్పుడు కూలగొట్టాలని చూస్తున్నరు. ఎట్లనో తెల్వదు."

ఈ అసైన్‌మెంట్ ఏజెంట్ ఈశ్వర్‌కు ఒట్టి ఉద్యోగం కాదు. తమ్ముడు దేవప్ప మంచుకొండల్లో సైన్యపు పాత రవాణా హెలికాప్టర్ మీద టెక్నీషియన్. ఎగిరొచ్చిన ప్రతిసారీ ఫోన్ చేస్తాడు. "అన్నా, కొత్తది ఎప్పుడొస్తది? గిది దగ్గుకుంట ఎగురుతున్నది." నవ్వుతూనే అంటాడు. ఆ నవ్వు వింటే ఈశ్వర్‌కు భయమేస్తుంది.

మారువేషం కోసం వెతుక్కోనక్కర్లేదు. గొంగడి, కర్ర, దౌల్తాబాద్ నుంచి తల్లి రుక్కమ్మ గొర్రెల మంద. "ఎన్ని తోలుకపోతున్నవో గన్ని తోలుకరావాలె కొడుకా," అని మరీ అప్పజెప్పిందామె. గొంగడి మడతలో వైర్‌లెస్. చేలో మంద పెట్టడం ఈ వైపు మామూలే. రాత్రి గొర్రెలు పండుకుంటే తెల్లారేసరికి నేలకు పెంటికల ఎరువు దొరుకుతుంది. అందుకే గుండ్రం గీసిన, కోత అయిన కందిచేలోనే రెండు రాత్రులు మంద పెట్టి కాపలా కాసినా అతన్ని ఎవరూ అనుమానించలేదు.

పరీక్ష రోజు పొద్దున్నే నల్లకారు ఆగింది. నల్లకళ్లద్దాలు, పట్టుచీర, రోడ్డంతా గుబాళించే సెంటు. జ్యోతిరాణి. తాండూరులో ముఠాకు మధ్యవర్తి, మనకు రహస్య మిత్రురాలు. కనీసం మనం అలా అనుకున్నాం.

"వాన వస్తదా?" కోడ్ అడిగాడు ఈశ్వర్.

"గొర్లనడగాలె." కోడ్ సరిపోయింది. "రోడ్డు మీద హెలికాప్టర్‌కు పోసే ఆయిల్ ట్యాంకర్ల నీళ్లు కలిపిన్రు. జల్ది పోండ్రి."

అక్కడే బోల్తా పడ్డాడు మనవాడు. మందను తోలుకొని ట్యాంకర్ దగ్గరికి పరుగెత్తి పరీక్ష చేయించాడు. చుక్క నీరు లేదు. తిరిగొచ్చేసరికి ఆకాశంలో హెలికాప్టర్ చప్పుడు. సున్నపు గుండ్రం ఉంది, నారింజ జెండా ఉంది. హమ్మయ్య అనుకొని కిందికి చూశాడు.

పెంటికలు లేవు.

రెండు రాత్రులు మంద పండుకున్న నేల మీద ఒక్క పెంటికైనా లేకపోవడమేమిటి? ఇది ఆ చేను కాదు. దాని పక్కనున్న పాత నాపరాయి గని గుంత. పాలిషింగ్ యూనిట్లు ఏళ్ల తరబడి పోసిన రాతిబురద పైన ఎండి గట్టిపడింది, లోపల ఇంకా జావే. దాని మీద మట్టి చల్లి, చేలోని గుండ్రం చెరిపి, జెండా ఇటు జరిపి, ఇక్కడ కొత్తగా గీశారు. అంత బరువు దాని మీద దిగితే చక్రాలు కూరుకుపోతాయి, యంత్రం ఒరుగుతుంది, రెక్కలు నేలకు కొట్టుకుంటాయి. లోపలి జవాన్లలో ఒక్కడూ మిగలడు.

వైర్‌లెస్‌లో గరగర తప్ప ఏమీ లేదు. ముఠా జామ్ చేసింది. గొంగడి తీసి ఊపాడు. హెలికాప్టర్ దిగుతూనే ఉంది.

ఇక ఒక్కటే దారి. "అమ్మా, తప్పయింది," అనుకుంటూ ఈశ్వర్ మందను గుండ్రంలోకి తోలాడు. పెద్ద పొట్టేలు ముందు దూకింది. వెనకాలే గొర్రెదాటుగా అన్నీ దూకాయి. అన్నిటి బరువుకు పైపొర పగిలింది. పొట్టేలు మెడ దాకా దిగిపోయి అరిచింది. బురదలో కొట్టుకుంటున్న మందను చూసిన పైలట్ ఆఖరి క్షణంలో హెలికాప్టర్‌ను పైకి లాగాడు.

జవాన్లంతా బతికారు. మందలో సగం బతకలేదు.

సాయంత్రానికి జ్యోతిరాణి వికారాబాద్ స్టేషన్‌లో దొరికింది. చేతులకు బేడీలు వేస్తున్నా మొహంలో కంగారు లేదు.

"మీరు ఓడిపోయిన్రు," అన్నాడు ఈశ్వర్.

"ఎట్ల? కూలితే పరీక్ష రద్దు. దిగకున్నా రద్దే. రస్ట్ వాళ్లు కొత్త హెలికాప్టర్లు అమ్మరు సార్. పాతవాటి సామాన్లు అమ్ముకుంటరు."

ఈశ్వర్ చీఫ్‌కు ఫోన్ కొట్టాడు. శంకరప్ప గొంతు నీరసంగా వచ్చింది. "కమిటీ తేల్చేసింది. గుర్తువెట్టిన గుండ్రంల దిగలే. సెలక్షన్ మళ్ల మొదటి కాగితం నుంచి. అప్పటిదాక పాతవే."

"గుండ్రమే దొంగది కద సార్."

"గుండ్రం దొంగదే. రూల్ అసలుది."

ఫోన్ పెట్టీ పెట్టకముందే మళ్లీ మోగింది. దేవప్ప.

"అన్నా, కొత్తది వస్తదా?"

ఈశ్వర్‌కు ఏడుపొచ్చింది.

"రాకుంటే రాకపాయె, నువ్వు పరేషాన్ గాకు," తమ్ముడే ధైర్యం చెప్పాడు. "మా ముసలిదానికి ఇయ్యాల పెట్టెల నిండ సామానొచ్చింది. ఇంకో పదేండ్లు ఎగురుతదట."

ఇంత జరిగినా, మొత్తం సైన్యంలో టైముకు చేరినవి ఆ పెట్టెలొక్కటే.