నడుం లోతు నీళ్ళలో

"దిగొద్దు! ఎవులూ దిగొద్దు! ఆగండి!"

యారాడ ఇసకలో చెప్పులు చేత పట్టుకుని ఒక కుర్రాడు పరిగెత్తుకొస్తున్నాడు. ఆదివారం పొద్దున్న ఏడు గంటలు. నీళ్ళ అంచున తెల్లబట్టల్లో పన్నెండు మంది బాప్తిస్మానికి వరసగా నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనక తువ్వాళ్ళ మూట పట్టుకుని ఆశాజ్యోతి నిలబడింది. మల్కాపురం మందిరం పాస్టరు తిరుమలరావు గారి అమ్మాయి.

ఆ వచ్చేవాడు ఎవరో ఆమెకి అర్థమైపోయింది. వరసలో మూడో మనిషి చిట్టమ్మ. వారం కిందటే చెప్పింది, "మావోడు వాసుకి ఇష్టవో కాదో తెల్దమ్మా" అని. ఇదిగో, కాదన్నమాట!

ఆశ మూట పక్కన పడేసి అతనికి అడ్డంగా నిలబడింది.

"చూడండి, మీ అమ్మగారి నమ్మకం మీ అమ్మగారిది. ఆవిణ్ణి ఎవరూ బలవంతం చెయ్యలేదు."

"అది కాదండీ..."

"రాజ్యాంగం ప్రకారం ఎవరికి నచ్చింది వాళ్ళు..."

"రాజ్యాంగం తరవాతండీ! ముందు నీళ్ళు సూడండి!"

ఆమె చూసింది. సముద్రం బాగానే ఉంది. అటూ ఇటూ కెరటాలు తెల్లగా విరుగుతున్నాయి, మధ్యలో మాత్రం చెరువులా ప్రశాంతంగా ఉంది. తిరుమలరావు గారు ఏరి కోరి ఆ చోటే ఎంచుకున్నారు.

వాసు ఒక ఎండు కొబ్బరి డొప్ప తీసి అక్కడికి విసిరాడు. అది ఒడ్డుకి రాలేదు. ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు సర్రున లోపలికి పోయింది.

"కెరటం ఇరగని సోటు మంచిదనుకుంటారు. అదే మనిసిని లాగేత్తాది. రండి, నాను సూపిత్తాను. బేగి రండి!"

రెండు వందల గజాల అవతల ఇసక మెట్టగా ఉన్నచోటుకి అందరినీ తీసుకెళ్ళాడు. తనే ముందు దిగి, ఛాతీ లోతులో గోడలా నిలబడి, "ఇప్పుడు ముంచండి... ఆగండి, పెద్దది వత్తంది... ఆ, ఇప్పుడు!" అని అరుస్తూ పన్నెండు మందినీ దాటించాడు. చిట్టమ్మ నీళ్ళలోంచి లేచి, కొడుకు చెయ్యి పట్టుకుని, "ఓలమ్మో, ఎంత సల్లగుందిరా!" అని చిన్నపిల్లలా నవ్వింది.

ఒడ్డుకొచ్చాక ఆశ అతనికి తువ్వాలు ఇచ్చింది.

"సారీ అండీ."

"ఏటికి?"

"రాజ్యాంగం దాకా వెళ్ళిపోయాను."

వాసు తల తుడుచుకుంటూ పకపకా నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఆశ ఇంకో తువ్వాలు కూడా ఇచ్చింది. ఎందుకిచ్చిందో ఆమెకే తెలీదు.

*

చిట్టమ్మకి చదువు రాదు. గురువారం సాయంత్రాలు మందిరంలో ఆశ కొత్తవాళ్ళకి బైబిలు చదివి వినిపించేది. యారాడ నుంచి కొండ దాటి మల్కాపురం రావాలి కాబట్టి వాసు తల్లిని బైకు మీద తెచ్చి బయటే ఉండేవాడు. మూడో గురువారం వాన పట్టుకుంది. లోపలికి వచ్చి, తలుపు దగ్గరున్న చివరి కుర్చీలో కూర్చున్నాడు.

ఆశ చెబుతోంది. "మా నమ్మకాలన్నిటికీ మూలం ఇదే. మన మంచితనం చూసి దేవుడు రక్షించడు. యేసు ప్రభువు మన కోసం చనిపోయి తిరిగి లేచాడు. అది నమ్మితే చాలు. అదే కృప."

"ఒక డౌటండీ," వెనక నుంచి గొంతు. "అంటే మంచోడికీ ఎదవకీ ఒకటే లెక్కా?"

"ఇద్దరికీ ఒకటే తలుపు."

"మరి మంచిగా ఉండటం దేనికండీ?"

ఆశ పుస్తకం మూసింది. "మీ అమ్మ మీకు అన్నం పెట్టింది. మీరు మంచివాళ్ళని పెట్టిందా?"

"నేదు. ఆకలేసిందని ఎట్టింది."

"తిన్నాక ఆవిణ్ణి బాగా చూసుకోవాలనిపించిందా లేదా?"

వాసు తల్లి వైపు చూశాడు. మర్నాడు పడవ మీద వల లాగుతూ కూడా ఆ మాటే తలుచుకున్నాడు. ఆ మాట చెప్పిన కళ్ళని ఇంకాస్త ఎక్కువ తలుచుకున్నాడు.

"ఏట్రా, గురువారం వత్తే తలకి నూనె రాత్తన్నావ్?" అన్నాడు తండ్రి సూరన్న, పడవ ముక్కుకి పసుపు రాస్తూ. సూరన్న ఇప్పటికీ గంగమ్మకి దండం పెట్టందే తెడ్డు ముట్టడు.

"వానకి జుట్టు పాడవతంది నాన్నా."

"నూనెకి వాన ఆగతాదేటి?"

గురువారాలు గడిచాయి. డౌట్లు పెరిగాయి. దేవుడొక్కడే అయితే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురెలా అయ్యారు? ప్రభువు మళ్ళీ వస్తాడంటారు, ఏ రోజొస్తాడు? ఆశ కొన్నిటికి జవాబు చెప్పేది. కొన్నిటికి "నాకూ పూర్తిగా తెలీదు" అనేది. అలా అన్నప్పుడే ఆమె వాసుకి మరీ నచ్చేది. 'అండీ'లు పోయాయి, 'నువ్వు'లు వచ్చాయి.

ఒకరోజు ఆశ పనిచేసే సీతమ్మధార క్లినిక్ ముందు వాసు బైకుతో ప్రత్యక్షమయ్యాడు. ఇస్త్రీ చొక్కా. చేతిలో మల్లెపూల పొట్లం.

"ఆశా, నాను బాప్తిస్మం తీసుకుంటాను!"

ఆమె ముఖం వెలిగిపోయింది. ఒక్క క్షణమే. "ఎందుకు?"

"ఎందుకేటి? మీ నాన్న ఒప్పుకోవాలంటే అదే కదా దారి. నీకోసమే!"

వెలుగు ఆరిపోయింది. "నా కోసం మునిగితే అది సముద్ర స్నానం వాసూ. బాప్తిస్మం కాదు. ఎవరికి వాళ్ళే నమ్మి దిగాలని చిన్నప్పట్నించీ నమ్మినదాన్ని. ఆ బాప్తిస్మాన్ని బస్సు టిక్కెట్టులా చేత్తో పట్టుకుని వచ్చావా నా దగ్గరికి?"

ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. మల్లెపూలు వాసు చేతిలోనే ఉండిపోయాయి.

*

వాసు మొండివాడు. వారం ఆగి నేరుగా పాస్టరు గారికే పేరిచ్చాడు. ఆశకి ఆ సంగతి ఆదివారం పొద్దున్న యారాడలో, చేతిలో జాబితా చూసుకున్నప్పుడు గానీ తెలియలేదు. చివరి పేరు అతనిదే. ఆమె తలెత్తి అతని వంక చూసింది. అబద్ధం ఆడకు, అన్నాయి ఆ కళ్ళు.

వాసు నడుం లోతు నీళ్ళలోకి నడిచాడు. తిరుమలరావు గారు అతని తల మీద చెయ్యి పెట్టారు. ఒడ్డున అందరూ పాట పాడుతున్నారు.

"యేసు ప్రభువు నీ పాపాల కోసం చనిపోయి, మూడో రోజున లేచాడని నమ్ముతున్నావా?"

"నమ్మాలనే ఉందండీ అయ్యగారూ."

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. "ఎవరి బలవంతమూ లేకుండా, ఏ మనిషి కోసమూ కాకుండా, నీ అంతట నువ్వే వచ్చావా?"

అవునంటే అయిపోతుంది. ఒక్క మాట! వాసు నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"నేదండీ. సగం మీ అమ్మాయి కోసం వచ్చాను."

పాట ఆగిపోయింది. "ఓలమ్మా!" అంది చిట్టమ్మ. ఆశ పాటల పుస్తకంతో ముఖం కప్పేసుకుంది. ఒక పెద్ద కెరటం వచ్చి మామాఅల్లుళ్ళు కావలసిన ఇద్దరినీ కలిపి తడిపేసింది.

పాస్టరు గారు కళ్ళలో ఉప్పునీళ్ళు తుడుచుకున్నారు. "మిగతా సగం?"

"ఎతుకుతన్నానండీ. సదివితే నిజవే అనిపిత్తాది. పడవెక్కాక మా నాన్న గంగమ్మకి దండవెడితే నా సెయ్యీ లెగుత్తాది. మీ సెయ్యి నెత్తి మీదుండగా అబద్ధం సెప్పలేనండీ."

ఆయన చెయ్యి తీసేశారు. "ఒడ్డుకి పద. సాయంత్రం మీ నాన్నగారిని ఇంటికి తీసుకురా."

*

సూరన్న తెల్లచొక్కా వేసుకుని, అరటాకులో చుట్టిన వంజరం చేపతో మల్కాపురం వచ్చాడు. "తప్పు సేసినోడు మావోడండీ. సేప మాత్రం మంచిది," అని బల్ల మీద పెట్టాడు.

తిరుమలరావు గారు నవ్వలేదు. పోర్టులో క్రేను నడుపుతూ, ముప్పై ఏళ్ళుగా ఆ చిన్న సంఘాన్ని కాపాడుకొస్తున్న మనిషి. "సూరన్న గారూ, ఒకే నమ్మకం ఉన్నవాళ్ళే జతకావాలని బోధించేవాణ్ణి నేను. నా ఇంట్లోనే తప్పితే సంఘానికి ఏ ముఖం చూపించను?"

అప్పటిదాకా తలుపు వారన ఉన్న ఆశ ముందుకొచ్చింది. "నాన్నా, బాగుపడ్డాక రమ్మని దేవుడు అనలేదు, ఉన్నవాళ్ళని ఉన్నట్టే పిలిచాడు అంటావు. మరి ఇతను ఉన్నట్టే వచ్చాడు కదా!"

"ఆయన దేవుడమ్మా. నేను ఆడపిల్ల తండ్రిని."

వాసుకి నవ్వొచ్చింది. ఆపుకోలేక దగ్గాడు.

"మా ఇంట్లో సూడండి," అన్నాడు సూరన్న మెల్లగా. "మా ఇంటిది మోకరించి పారదన సేసుకుంటాది. నాను గంగమ్మకి కొబ్బరికాయ కొడతాను. మొదట్లో గొడవాడుకున్నాం. ఇప్పుడు నాను ఏటకెల్తే అది పారదన సేత్తాది. నాను తిరిగొత్తన్నాను. ఎవులు తెచ్చారో నాను అడగను."

పాస్టరు గారు లేచి కిటికీ దాకా వెళ్ళి తిరిగొచ్చారు.

"పొద్దున్న నీళ్ళలో అవునంటే సరిపోయేది. ఆ మాట అనలేదు నువ్వు," అన్నారు వాసుతో. "ఏడాది టైం తీసుకో. నమ్మకం కుదిరితే నేనే ముంచుతాను, నేనే పెళ్ళి చేస్తాను. కుదరకపోతే ఇలాగే నా ముఖం మీద చెప్పు. మందిరంలో చెయ్యలేను, రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళండి. సంఘం నన్ను నిలదీస్తుంది, సమాధానం చెప్పుకుంటాను. కానీ నా కూతురి పెళ్ళికి నేను రాకుండా ఉండను."

ఆశ తండ్రి రెండు చేతులూ పట్టుకుంది. ఏడుస్తూనే నవ్వింది. సూరన్న జేబురుమాలు వెతుక్కున్నాడు, దొరకలేదు, చొక్కా అంచుతోనే కళ్ళొత్తుకున్నాడు.

బైకు దాకా సాగనంపడానికి ఆశ వచ్చింది. సన్నగా వాన మొదలైంది.

"అన్నీ నానే సెప్పాను. ఊరందరి ముందూ సెప్పాను. నువ్వేటీ సెప్పనేదు," అన్నాడు వాసు.

"మా నాన్నతో పోట్లాడాను కదా! ఇంకేం చెప్పాలి?"

"సెప్తే ఇంటాను."

ఆమె వీధి అటూ ఇటూ చూసింది. "ఇష్టం," అంది గుసగుసగా.

"ఏటీ? వానకి ఇనబడనేదు."

"ఇష్టం!"

"ఇంకాస్త..."

"ఇష్టం వాసూ! నువ్వంటే నాకు చాలా చాలా ఇష్టం!"

ఇంట్లో తండ్రులిద్దరి మాటలూ టక్కున ఆగిపోయాయి. ఆశ నాలుక కరుచుకుంది. లోపలి నుంచి సూరన్న గొంతు ఖంగుమంది.

"ఇనబడిందమ్మా! మా ఇద్దరికీ ఇనబడింది!"