చీటీలో రాయని సంగతి

అన్నం బెల్లు కొట్టగానే ఒకటో తరగతి టీచర్ నేరుగా ఐదో తరగతి గుమ్మంలోకి వచ్చారు. చేతిలో ఒక చీటీ ఉంది.

"మీ చెల్లెలు ఇవాళ పక్క పాప చెయ్యి కొరికింది. ఇది మీ అమ్మకివ్వు. ఇంట్లో పిల్లల్ని ఎలా పెంచుతారో ఏమో!"

క్లాసంతా కిసుక్కున నవ్వింది. మిరపకాయకు చెవుల దాకా మంట పుట్టింది. కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో ఆమెకు ఆ పేరు పెట్టారు. చెల్లెలిని మాత్రం గువ్వ అంటారు. ఆరేళ్ల గువ్వ ఇంట్లో అమ్మ కొంగు పట్టుకుని తిరుగుతుంది. చీమను కూడా తొక్కదు. అలాంటి పిల్ల బడిలో ఎందుకు కొరుకుతుంది? ఆ మాట ఒక్కరూ అడగరు!

మిరపకాయ చీటీని మడిచి తన అట్లాసు అట్టలోపలికి తోసేసింది. అక్కడ అప్పటికే ఆరు చీటీలున్నాయి.

మొదటిసారి టీచర్ గేటు దగ్గర అమ్మకే చెప్పారు. ఆ సాయంత్రం అమ్మ గట్టిగా కేకలేసింది. గువ్వ మంచం కింద దూరి, అన్నానికి కూడా బయటికి రాలేదు. అందుకే తర్వాత వచ్చిన ప్రతి చీటీనీ మిరపకాయ దాచేసింది. చెల్లిని కాపాడుతున్నానని ఆమె నమ్మకం.

మర్నాడు హెడ్మాస్టరు నుంచి అమ్మకు ఫోన్ వెళ్లింది. టైలరింగ్ షాపులో బట్ట కత్తిరిస్తున్న అమ్మ, మెడలో టేపు అలాగే ఉండగా పరుగెత్తుకొచ్చింది.

"నాలుగు వారాల్లో ఏడు చీటీలు పంపాం. ఒక్కదానికీ జవాబు లేదు. మీకే పట్టనప్పుడు మేమేం చేస్తాం? పాపని వేరే స్కూల్లో చేర్పించుకోండి" అన్నారు హెడ్మాస్టరు.

"చీటీలా? నాకు ఒక్కటీ రాలేదండీ!"

అమ్మ మిరపకాయ వైపు చూసింది. మిరపకాయ తన బూట్ల వైపు చూసుకుంది.

ఇంటికి వెళ్లాక అమ్మ కేకలెయ్యలేదు. అదే ఇంకా కష్టంగా అనిపించింది.

"ఎందుకు దాచావే?"

"నువ్వు మళ్లీ దాన్నే తిడతావని."

అమ్మ మెడలోని టేపు తీసి పక్కన పెట్టింది. "ఆ రోజు నేను అలా అరిచుండాల్సింది కాదు. కానీ నాకు తెలిసుంటే ఎప్పుడో డాక్టరుకి చూపించేదాన్ని కదమ్మా. ఇన్నాళ్లూ అది ఒక్కతే అవస్థ పడింది."

మిరపకాయకు ఏడుపు తన్నుకొచ్చింది. అట్లాసు తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టింది.

పిల్లల డాక్టరమ్మ గువ్వను తిట్టలేదు, బుజ్జగించనూ లేదు. ముందు చెవులు, కళ్లు పరీక్ష చేయించారు. రెండూ బాగానే ఉన్నాయి. తర్వాత అడిగారు.

"ఏ రోజుల్లో ఇలా జరుగుతోంది? దానికి ముందు ఏం జరిగింది?"

మిరపకాయ ఏడు చీటీలూ బల్ల మీద పరిచింది. "పెన్సిలు విసిరింది", "బెంచీ కింద దూరింది", "కొరికింది"... కింద తారీఖులున్నాయి. డాక్టరమ్మ వాటిని గోడమీది క్యాలెండరుతో పోల్చి చూశారు.

"అన్నీ మంగళవారాలు, శుక్రవారాలే. ఆ రోజుల్లో బడిలో ఏముంటుంది?"

మిరపకాయ ఆలోచించింది. "బ్యాండ్ ప్రాక్టీసు! సరిగ్గా వీళ్ల కిటికీ కిందే!"

ఆ మాట వినగానే గువ్వ రెండు చెవులూ మూసుకుంది. "డ్రమ్ములు నా తల్లోకొచ్చేస్తాయి" అంది చిన్నగా.

"చెవులు బాగా వినిపిస్తున్నా, కొందరు పిల్లలకి మనం పట్టించుకోని శబ్దం కూడా భరించలేనంత పెద్దగా అనిపిస్తుంది" అన్నారు డాక్టరమ్మ. "కొరకడం తప్పే. దానికి బదులు ఏం చెయ్యాలో నేర్పిద్దాం. ఇంకా నాలుగైదుసార్లు వస్తే మిగతా సంగతులూ తెలుస్తాయి. ఈలోగా స్కూలు కూడా కాస్త సాయం చెయ్యాలి."

ఆవిడ రాసిచ్చిన ఉత్తరం చదివి హెడ్మాస్టరు పెదవి విరిచారు. "ఒక్క పిల్ల కోసం బ్యాండుని మార్చమంటారా?"

మిరపకాయ పిడికిళ్లు బిగించింది. కానీ ఈసారి ఆమె కన్నా ముందు అమ్మ లేచి నిలబడింది.

"ఒక్క పిల్లని బడి నుంచే పంపెయ్యడానికి సిద్ధపడ్డారు కదండీ! బ్యాండుని గ్రౌండు ఆ చివరికి పంపడం అంతకన్నా కష్టమా?"

హెడ్మాస్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ ఉత్తరం మొదటి నుంచి చదివారు.

ఆ శుక్రవారం నుంచి బ్యాండు గ్రౌండు అవతలి గోడ దగ్గరికి మారింది. గువ్వకు శబ్దం ఎక్కువైతే చెయ్యెత్తి లైబ్రరీకి వెళ్లవచ్చని టీచర్ చెప్పారు. రెండు వారాలు ఒక్క చీటీ కూడా రాలేదు.

మూడో వారం, బుధవారం నాడు మళ్లీ వచ్చింది. "నోటుబుక్కు చింపింది."

మిరపకాయ చెయ్యి దానంతటదే చీటీని నలిపెయ్యబోయింది. ఆగింది. కాగితం సాపు చేసుకుని, గువ్వ చెయ్యి పట్టుకుని ఒకటో తరగతి గదికి వెళ్లింది.

"టీచర్, ఇందులో సగమే రాశారు."

"సగమా?"

"చింపిందని రాశారు. దానికి ముందు ఏం జరిగిందో రాయలేదు."

టీచర్‌కు కోపం వచ్చినట్టే ఉంది. ఏదో అనబోయి ఆగారు. "ఏమోనమ్మా, నేను బోర్డు మీద రాస్తున్నాను. చూడలేదు."

"అయితే దాన్నే అడుగుదామా?"

టీచర్ పిల్లల చిన్న బెంచీ మీదే ఇరుక్కుని కూర్చున్నారు. గువ్వ చాలాసేపు గోళ్లు గిల్లుకుంది. ఎవరూ తొందరపెట్టలేదు.

"పై గదిలో బెంచీలు లాగారు" అంది చివరికి. "కిర్రుమని. చెయ్యెత్తాను. టీచర్ అటు తిరిగి ఉన్నారు."

టీచర్ చీటీ అందుకున్నారు. పెన్ను మూత తీసి, పై లైను కింద నిదానంగా రాశారు: "ముందు చెయ్యెత్తింది. నేను చూడలేదు."

ఆ సాయంత్రం మిరపకాయ బూట్లు కూడా విప్పకుండా ఆ చీటీని అమ్మ చేతిలో పెట్టింది.