బొగ్గు మీద కప్పిన బ్యానర్

హాన్‌గ్యోల్ ఒక అమ్మాయి ముక్కుకు మసి పూశాడు. ఆ అమ్మాయి ఎవరో అతనికి తెలియదు.

తప్పు పూర్తిగా అతనిదని అనలేం. చలి ముదరక ముందే కొరియాలోని బూసాన్ కొండవాడలో చర్చి కుర్రకారు బొగ్గు మోస్తారు. లారీ కొండ కిందే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి మెట్ల పొడవునా వరసగా నిలబడి, చిల్లుల బొగ్గు దిమ్మెల్ని చేతి నుంచి చేతికి అందిస్తూ ముసలివాళ్ల ఇళ్లకు చేరుస్తారు. వరసలోకి కొత్తగా వచ్చినవాళ్ల ముఖానికి మసి పూయడం వాళ్ల ఆనవాయితీ. ఈ అమ్మాయేమో నల్లకోటు తొడుక్కుని సరిగ్గా వరస మధ్యలో నిలబడింది. ఇంకేం కావాలి?

"చర్చికి స్వాగతం!" అన్నాడు, ముక్కు మీంచి వేలు తీయకుండానే.

"ఇది మా గుమ్మం," అంది ఆ అమ్మాయి. "లోపలికెళ్లడానికి దారిస్తారేమోనని చూస్తున్నా."

వరసంతా గొల్లుమంది.

"అయ్యో, సారీ అండీ! తుడుస్తా, ఉండండి." కంగారులో మసి అంటిన చేతి తొడుగుతోనే తుడిచాడు. మసి బుగ్గలకూ పాకింది.

"చాలు మహానుభావా! ఇంకాస్త తుడిచారంటే మా అవ్వ నన్ను ఇంట్లోకి రానివ్వదు."

ఆమె పేరు దాన్బీ. రేవు దగ్గర బ్యూటీ పార్లర్లో పని. అవ్వకు తోడుగా ఉందామని ఈ వేసవిలోనే ఇక్కడికి వచ్చింది. కళ్లలో నిప్పులు కురుస్తున్నా, ముక్కు మీది మసి వల్ల ఆ కోపానికి విలువ లేకుండా పోయింది. హాన్‌గ్యోల్ నవ్వు ఆపుకోలేక చచ్చాడు.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఇద్దరు కుర్రాళ్లు బ్యానర్ విప్పారు. "క్రీస్తు ప్రేమతో, మీ చర్చి" అని బారెడేసి అక్షరాలు. హాన్‌గ్యోల్ ఫోను తీశాడు.

"అవ్వా, ఒక్క ఫొటో! దిమ్మె పట్టుకుని నవ్వండి!"

తలుపు సందులోంచి తొంగిచూసిన అవ్వ ధడాలున తలుపేసుకుంది.

"పోయినేడు తీసిందీ మీరేనా?" అంది దాన్బీ.

"నేనే! బాగా వచ్చింది కదా?"

"భేషుగ్గా వచ్చింది. మీ చర్చి గోడెక్కింది. వాడవాళ్లంతా కలిసి స్నానం చేసే స్నానశాలలో అవ్వ స్నేహితురాళ్లంతా దాని గురించే మాట్లాడుకున్నారట. 'పాపం, బొగ్గుకు కూడా గతిలేదుటే నీకు' అని వీపు రుద్దుతూ ఒకావిడ జాలిపడిందట. ఆ రోజు నుంచి మా అవ్వ అటు వెళ్లనే లేదు. వారానికోసారి ఆ వేడినీళ్లూ ఆ కబుర్లూ, ఆవిడకున్న సంబరం అదొక్కటే." "ఈ బొగ్గు మాకొద్దు. తీసుకుపోండి."

"చలి వచ్చేస్తోందండీ. కింద బొగ్గు మండి గది నేల వేడెక్కకపోతే ఎలా?"

"అమ్మేవాడు ఎవడూ ఈ మెట్లెక్కి రాడనీ తెలుసు, ఆవిడ దగ్గూ తెలుసు. అయినా ఆవిడ వద్దంటోంది."

మంచిపని చేస్తున్నానని ఏడాదిపాటు మురిసిపోయిన హాన్‌గ్యోల్‌కు ఆ మాట గుండెలో ముల్లులా దిగింది. పొద్దు వాలడంతో వరస చెదిరిపోయింది. అవ్వ వద్దన్న బొగ్గూ, అన్నిటికంటే పైనున్న పాంగ్ తాత ఇంటికి చేరాల్సిన బొగ్గూ మెట్ల కిందే మిగిలాయి.

మర్నాడు మధ్యాహ్నం వాన దిగింది.

పనికి సెలవు కావడంతో కూరలకని కిందికి వచ్చిన దాన్బీ ఆగిపోయింది. హాన్‌గ్యోల్ నిన్నటి బ్యానర్‌ను బొగ్గు గుట్ట మీద పరిచి, ఎగిరిపోకుండా రెండు కొసలూ పట్టుకుని, ముద్దగా తడిసి నిలబడి ఉన్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"బొగ్గుకు గొడుగు పడుతున్నా."

"మరి మీకు?"

"నేను తడిస్తే ఆరతాను. ఇది తడిస్తే బురదే."

దాన్బీ బ్యానర్ వైపు చూసింది. అక్షరాలన్నీ లోపలికి తిరిగి, బొగ్గును అంటుకుని ఉన్నాయి. "ఇన్నాళ్లకు ఆ ప్రేమ ఒక పనికొచ్చింది," అంటూ తన గొడుగు అతని మీదికి జరిపింది.

అతను కోటులోంచి ఒక ఫొటో తీసి ఇచ్చాడు. "గోడ మీంచి తీసేశా. ఇది అవ్వదే. క్షమించమని అడగాలి, కానీ తలుపు తీస్తుందో లేదో."

"తీయకపోతే?"

"మెట్ల మీద కూర్చుంటా. మీరు అటూ ఇటూ తిరుగుతుంటారుగా, పొద్దు అదే పోతుంది."

"అబ్బో!" అని ముఖం తిప్పుకుంది. నవ్వు మాత్రం దాగలేదు.

వాన కాస్త తెరిపిచ్చింది. మంచం దిగలేని పాంగ్ తాతకు ముందు బొగ్గు చేరాలి. ఉన్నది ఇద్దరే. అతను కింది నుంచి అవ్వ గుమ్మందాకా పరుగెత్తుకుని తెస్తే, ఆమె అక్కడ అందుకుని పైకి పరుగెత్తాలి. కాసేపటికే ఇద్దరికీ ఆయాసం పట్టుకుంది.

తలుపు తెరుచుకుంది.

"అదేం వరసే! మధ్యలో అంత ఖాళీ పెట్టుకుని వరసంటారా?" ఎర్ర రబ్బరు తొడుగులు వేసుకుని అవ్వ గుమ్మంలోకి వచ్చింది. "ఎవరికది?"

"పాంగ్ తాతకి, అవ్వా."

"ఆ ముసలాడికా! చదరంగంలో దొంగాట ఆడతాడు. ఇటియ్యి."

అలా ముగ్గురయ్యారు. దగ్గుతూ, తిడుతూ, దిమ్మె వెనక దిమ్మె అందించింది అవ్వ. ఆఖరి దిమ్మె అవ్వ చేతికిచ్చి హాన్‌గ్యోల్ నడుం వంచి దణ్ణం పెట్టాడు.

"పోయినేడు మిమ్మల్ని అడక్కుండా ఫొటో తీశాను, అవ్వా. క్షమించండి."

"బొగ్గిచ్చి నా ముఖం పట్టుకుపోయావురా అబ్బాయ్," అంది అవ్వ. కోపం లేదు, కళ్లలో నీళ్లున్నాయి. "ఒకరి పొలంలో ఒకరు దిగి నాట్లేసే ఊళ్లో పుట్టాను నేను. చెయ్యందిస్తాం, చెయ్యి పుచ్చుకుంటాం. అది అడుక్కోవడం కాదు. ఆ మిగిలిన బొగ్గు మా ఇంట్లో దించు. మోసినదానికి నా వాటా."

దాన్బీ కోటు చేత్తోనే కళ్లు తుడుచుకుంది. ముఖమంతా మళ్లీ మసి.

"ఇంకా చూస్తావేం? ఫోను తీయి," అంది అవ్వ, దిమ్మె గుండెకు హత్తుకుని.

"వద్దవ్వా, ఇంకెప్పుడూ..."

"తీయమంటుంటే! పోయినేడు పుచ్చుకుంటుంటే తీశావు. ఇప్పుడు ఇస్తున్నా, తీయి. రేపు స్నానశాలలో అందరికీ చూపించాలి. మీరిద్దరూ పక్కకి రండి."

ముగ్గురూ ఇరుక్కుని నిలబడ్డారు. హాన్‌గ్యోల్ చెయ్యి చాపి ఫోను ఎత్తాడు. సరిగ్గా నొక్కబోయే వేళకి దాన్బీ అతని ముక్కుకు నిండా మసి పూసింది.

"మా ఇంటికి స్వాగతం!"

ఫొటోలో ముగ్గురూ నల్లగా, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నారు. అవ్వ కళ్లు చికిలించి చూసి, మనవరాలి వైపు తిరిగింది.

"ఈ కుర్రాడెవరని అడుగుతారే వాళ్లు. ఏం చెప్పను?"

దాన్బీ తల వంచుకుని, తొడుగు లేని హాన్‌గ్యోల్ తడిచేతిని మెల్లగా పట్టుకుంది.

"మనవాడేనని చెప్పు, అవ్వా."