పోలయ్య జడ

గాలిగోపురం దగ్గరికి వచ్చేసరికి ఎండ చుర్రుమంటోంది. శేషమ్మ ఒక మెట్టు మీద కూలబడి, పావడా అంచుతో ముఖం తుడుచుకుంది. వెనక్కి తిరిగి చూస్తే ఎక్కడో కింద అమ్మ కనిపించింది.

అమ్మ వంగి ఒక మెట్టుకు పసుపు రాసింది. కుంకుమ బొట్టు పెట్టింది. లేచి ఇంకో మెట్టు ఎక్కింది. మళ్లీ వంగింది.

తిరుమల కొండ మెట్లన్నిటికీ పసుపు కుంకుమలు పెడతానని అమ్మ మొక్కుకుంది. శేషమ్మ తమ్ముడు పోలయ్య నెలల బిడ్డగా ఉన్నప్పుడు జ్వరం వచ్చి, ఇక బతకడనుకున్నారు. అప్పటి మొక్కు అది. వాడి పుట్టువెంట్రుకలు కూడా కొండ మీదే తీయిస్తానని అనుకుంది. కానీ ఒక ఏడు తుఫాను వచ్చింది. ఒక ఏడు వరి ఎండిపోయింది. ఇంకో ఏడు నాయనమ్మ కాలం చేసింది. ఇలా వాయిదా పడుతూ పోలయ్యకు అయిదేళ్లు వచ్చేశాయి. జుట్టు నడుము దాకా పెరిగింది. అమ్మ దాన్ని రోజూ జడగా అల్లి, కొసన ఎర్ర నాడా కట్టేది.

వాళ్ల ఊరు వాకాడు పక్కన ఒక చిన్న పల్లె. నిన్న బస్సులో గూడూరు వచ్చి, అక్కడ రైలెక్కి తిరుపతిలో దిగారు. ఇంజను బొగ్గు నుసి శేషమ్మ కళ్లలో ఇంకా గరగరలాడుతోంది.

కొండ ఎక్కేటప్పుడు నాయన మస్తానయ్య మూట నెత్తిన పెట్టుకుని అన్నాడు. "మీ అమ్మతో నేనుంటా. తమ్ముణ్ణి నువ్వు చూసుకో శేషూ."

కాసేపు శేషమ్మ వాడి చెయ్యి పట్టుకునే నడిచింది. ఆ తర్వాత చెయ్యి వదిలేసి గబగబా ముందుకు ఎక్కేసింది. గాలిగోపురం దగ్గర కూర్చున్నప్పుడు వనజ కనిపించింది.

వనజది గూడూరు. శేషమ్మ ఈడుదే. గౌను వేసుకుంది. రెండు జడలకు నీలం రంగు నైలాను రిబ్బన్లు కట్టుకుంది. ఎండలో అవి తళతళ మెరుస్తున్నాయి. శేషమ్మ అలాంటి రిబ్బన్లు ఎప్పుడూ చూడలేదు. వనజ తనంతట తానే వచ్చి పక్కన కూర్చుంది. పిప్పరమెంటు బిళ్ల ఒకటి చేతిలో పెట్టింది.

"నువ్వు బలే గబగబా ఎక్కుతున్నావే! మా అన్న కూడా నీ అంత తొందరగా ఎక్కలేదు" అంది.

శేషమ్మకు గొప్ప సంతోషం వేసింది. అంతలోనే కింది మెట్ల మీద నుంచి "గోవిందా! గోవిందా!" అని సన్నటి గొంతు వినిపించింది. పోలయ్య వస్తున్నాడు. ముక్కు కారుతోంది. నిక్కరు కిందికి జారుతోంది. జడ వెనక అటూ ఇటూ ఊగుతోంది.

వనజ వాణ్ణి చూసి పకపకా నవ్వింది. "అయ్యో, ఆ పాపను చూడు! జడేసుకుని, నిక్కరు తొడుక్కుంది! ఎవరు, మీవాళ్లా?"

ఊళ్లో ఎవరైనా పోలయ్యను "పోలమ్మా" అని వెక్కిరిస్తే శేషమ్మే కొట్లాటకు దిగేది. కానీ ఇక్కడ, ఆ మెరిసే రిబ్బన్ల ముందు, ఆమెకు సిగ్గేసింది.

"ఏమో. ఎవరో" అంది.

అక్క పావడా పట్టుకుందామని పోలయ్య అప్పటికే చెయ్యి చాపాడు. ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది. వాడు అక్క ముఖంలోకి చూశాడు. వెనక్కి తిరిగి, ఒక్కొక్క మెట్టూ దిగి, అమ్మ దగ్గరికి వెళ్లిపోయాడు.

శేషమ్మ పిప్పరమెంటు కరకరా నమిలేసి, వనజతో కలిసి పైకి నడిచింది.

పొద్దుగూకే వేళకు అందరూ కొండ మీదికి చేరారు. సత్రంలో రోజూలా పోలయ్య అక్క పక్కన పడుకోలేదు. నాయన పక్కన చేరి ముడుచుకున్నాడు.

"అలిసిపోయినాడులే బిడ్డ" అంది అమ్మ.

శేషమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

తెల్లారి కల్యాణకట్టకు వెళ్లారు. గుండు చేయించుకునే వాళ్లతో అదంతా కిటకిటలాడుతోంది. పోలయ్య కొండంతా దద్దరిల్లేలా ఏడుస్తాడని అమ్మ భయం. ఇంట్లో దువ్వెన చూస్తేనే వాడు పరుగు తీసేవాడు మరి. కానీ ఇక్కడ ఎవరూ చెప్పకుండానే ముందుకు వెళ్లి, మంగలి తాత ఎదుట బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"మొత్తం తీసెయ్యి తాతా. ఒక్క వెంట్రుక గూడా ఉంచబాక" అన్నాడు.

మంగలి తాత నవ్వాడు. "కత్తి చూసి ఏడవని పిలకాయని ఇన్నాళ్లకు చూసినానమ్మా!"

చల్లటి నీళ్లు నెత్తి మీద పడ్డప్పుడు పోలయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు. జడ తెగి కింద పడింది. ఇంకాసేపటికి వాడి తల నున్నగా, చిన్నగా బయటపడింది. దాని మీద అమ్మ పచ్చటి గంధం పూసింది. పోలయ్య లేచి నిలబడి, తల తడుముకుని, నేరుగా శేషమ్మ వైపు చూశాడు. ఆమె ఏమన్నా అంటుందేమోనని ఎదురు చూస్తున్నట్టు చూశాడు. శేషమ్మ అప్పుడు జనంలో నీలం రిబ్బన్ల కోసం వెతుకుతోంది.

తర్వాత నాయన గుండుకు కూర్చున్నాడు. అమ్మ పిల్లలిద్దరినీ బయట ఒక మంటపం అరుగు మీద కూర్చోబెట్టింది.

"సత్రానికి పోయి పొడి గుడ్డలు తెస్తా. నాయన రాంగానే కోనేట్లో మునిగి గుళ్లోకి పోదాం. తమ్ముణ్ణి వదలబాక" అని చెప్పి వెళ్లింది.

అమ్మ అటు వెళ్లిందో లేదో, గంట చప్పుడు వినిపించింది. జనం పక్కకు తప్పుకుంటున్నారు. వీధి మలుపు దగ్గర వనజ చెయ్యి ఊపుతోంది.

"శేషమ్మా! ఏనుగు! తొందరగా రా!"

శేషమ్మ గబుక్కున లేచింది. పోలయ్య కూడా లేచాడు. "నేనూ వస్తానక్కా."

"వద్దు. ఈడే కూర్చో. ఇప్పుడే వచ్చేస్తా" అని శేషమ్మ పరుగు తీసింది.

ఏనుగు చాలా పెద్దది. నుదుట తెల్లటి నామం, మెడలో గంట. అది తొండంతో ఒక ముసలాయన నెత్తిని తాకి దీవించింది. వనజ చప్పట్లు కొట్టింది. శేషమ్మ కూడా కొట్టింది. ఏనుగు వీధి దాటిపోయాక శేషమ్మ తిరిగి మంటపం దగ్గరికి వచ్చింది.

అరుగు మీద పోలయ్య లేడు.

శేషమ్మ మంటపం చుట్టూ తిరిగింది. స్తంభాల వెనక చూసింది. "పోలయ్యా! ఒరే పోలయ్యా!" అని అరిచింది. ఆ జనంలో ఆమె గొంతు ఎవరికీ వినిపించలేదు.

తెలియకుండానే ఆమె కళ్లు ఎర్ర నాడా కట్టిన జడ కోసం వెతుకుతున్నాయి. జడ ఇప్పుడెక్కడిది? ఎటు చూసినా గుండ్లే. పెద్ద గుండ్లు, చిన్న గుండ్లు, అన్నిటికీ పచ్చటి గంధమే. ఒక పిల్లవాడి భుజం పట్టుకుని తిప్పింది. వాడు పోలయ్య కాదు. ఇంకొకడి వెంట పరుగెత్తింది. వాడూ కాదు. ఆ పిల్లవాడి తల్లి గట్టిగా కసిరింది.

శేషమ్మకు ఏడుపు వచ్చేసింది. ఇంత జనంలో వాణ్ణి ఎవరైనా ఎత్తుకుపోతే? కోనేటి వైపు పోయి ఉంటే? అమ్మకు ఏమని చెప్పాలి?

వెనక నుంచి వనజ వచ్చింది. "ఏమైంది? ఎందుకు ఏడుస్తున్నావు?"

"మా తమ్ముడు కనపడటం లేదు."

"నీకు తమ్ముడున్నాడా?"

"నిన్న మెట్ల మీద చూసినావే, జడేసుకున్నోడు. వాడే."

వనజ ఆశ్చర్యపోయింది. "మరి ఎవరో అన్నావు?"

శేషమ్మ తల దించుకుంది. వనజ ఆమె చెయ్యి పట్టుకుంది.

"సరే, ముందు వెతుకుదాం పా. నువ్వు ఇటు చూడు, నేను అటు చూస్తా. ఇప్పుడు జడ లేదు కదా, ఎట్లా గుర్తుపట్టేది?"

శేషమ్మ కళ్లు మూసుకుంది. తమ్ముడి ముఖం ఎదురుగా వచ్చి నిలబడింది. రోజూ చూసే ముఖమే. కానీ ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చూసుకోలేదు.

"ముందు పన్ను కొస విరిగింది. ఎడమ కనుబొమ మీద గాటు ఉంటుంది, దూడ తోస్తే పడ్డాడు. చెవులు కొంచెం పెద్దవి" అని ఆగి, "నవ్వితే మా అమ్మ మాదిరే ఉంటాడు" అంది. అనగానే మళ్లీ ఏడుపు ముంచుకొచ్చింది.

ఇద్దరూ చెరోవైపు పరుగు తీశారు.

వీధి చివర ఒక అవ్వ టెంకాయలు అమ్ముతోంది. టెంకాయల రాశి వెనక ఒక చిన్న గుండు కనిపించింది. చెవులు కొంచెం పెద్దవి. శేషమ్మ ఒక్క దూకున అక్కడికి చేరింది. పోలయ్యే! కళ్లు ఉబ్బి ఉన్నాయి. చేతిలో టెంకాయ ముక్క ఉంది కానీ కొరకలేదు.

"పోలయ్యా!" అని శేషమ్మ చెయ్యి చాపింది. అవ్వ ఆ చేతిని అడ్డుకుంది.

"ఆగు పాపా. ఎవరు నువ్వు? పిలగోడు ఏడస్తా తిరగతా ఉంటే నేను కూర్చోబెట్టినా."

"వాడు మా తమ్ముడవ్వా!"

అవ్వ పోలయ్య వైపు తిరిగింది. "ఏం నాయనా? మీ అక్కేనా?"

పోలయ్య తలెత్తి చూశాడు. మళ్లీ తల దించేసుకున్నాడు.

"ఏమో" అన్నాడు.

శేషమ్మకు గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టయింది.

అవ్వ ముఖం గట్టిపడింది. "వాడు చెప్పందే నేను పంపించను. పోయి మీ అమ్మనో నాయననో పిలుచుకోని రా."

శేషమ్మ వెళ్లలేదు. తమ్ముడి ఎదుట నేల మీద కూర్చుంది. అప్పటికే నలుగురు ఆగి చూస్తున్నారు. వాళ్ల మధ్య నుంచి వనజ కూడా వచ్చి నిలబడింది. ఇప్పుడు ఎవరు చూస్తున్నా శేషమ్మకు పట్టలేదు.

"నిన్న మెట్ల మీద నేను అబద్ధం చెప్పినారా. ఈ వనజ నవ్వుతుందని అట్లా అన్నా. తప్పు నాది" అంది.

పోలయ్య టెంకాయ ముక్కను అటూ ఇటూ తిప్పాడు.

"జడ ఉందని గదా నన్ను ఎవరో అన్నావు? అందుకే ఏడవకుండా మొత్తం తీయించుకున్నా. ఇప్పుడన్నా నేను నీ తమ్ముణ్ణని చెప్తావా?"

శేషమ్మకు అప్పుడు అర్థమైంది, మంగలి తాత ముందు వాడు ఎందుకు ఏడవలేదో. ఆమె రెండు చేతులతో ఆ గుండును దగ్గరికి తీసుకుంది. గంధమంతా ఆమె చెంపకు అంటుకుంది.

"జడ ఉన్నా నా తమ్ముడివే. గుండున్నా నా తమ్ముడివే" అని, తలెత్తి, "అవ్వా, వీడు మా తమ్ముడు పోలయ్య!" అని వీధంతా వినపడేలా చెప్పింది.

పోలయ్య ఆమె మెడ చుట్టూ చేతులు వేశాడు. "నీ కోసమే వెతుక్కుంటా వచ్చినా. ఏనుగు కాడికి నన్ను తీస్కపోలేదు నువ్వు" అని, అంతసేపూ ఆపుకున్న ఏడుపంతా అక్క భుజం మీద ఏడ్చాడు.

"ఇంక అడిగే పనేముంది? మీ అక్కే" అని అవ్వ కళ్లు ఒత్తుకుంది. శేషమ్మ చేతిలో కూడా ఒక టెంకాయ ముక్క పెట్టింది.

వాళ్లు మంటపం దగ్గరికి వచ్చేసరికి అమ్మ పొడి గుడ్డలు చంకన పెట్టుకుని, పిచ్చిదానిలా అటూ ఇటూ చూస్తోంది.

"అమ్మా, నేనే తమ్ముణ్ణి వదిలేసి పోయినా" అంది శేషమ్మ. మెట్ల మీద అన్న మాట కూడా దాచకుండా చెప్పేసింది.

అమ్మ చెయ్యి ఎత్తింది. శేషమ్మ కళ్లు మూసుకుంది. దెబ్బ పడలేదు. అమ్మ ఇద్దరినీ కలిపి పొట్టకు హత్తుకుని, అక్కడే కూలబడింది.

"ఏడుకొండలవాడా!" అని ఒక పెద్ద నిట్టూర్పు విడిచింది.

అప్పుడే గుండుతో, గంధంతో ఒక పొడుగాటి మనిషి వచ్చి వాళ్ల ముందు నిలబడ్డాడు. పోలయ్య భయంగా అమ్మ వెనక్కి జరిగాడు.

"అమ్మా, ఎవరీయన?"

"ఒరే, మీ నాయన్ని రా!" అన్నాడు మస్తానయ్య.

అమ్మ కన్నీళ్లలోనే నవ్వేసింది. శేషమ్మ నవ్వింది. వనజ అయితే నవ్వలేక అరుగు పట్టుకుంది. పోలయ్య నాయన గుండును, తన గుండును మార్చి మార్చి తడిమి చూసుకున్నాడు.

కోనేట్లో మునిగి, గుళ్లోకి వెళ్లారు. లోపల ఒకటే తోపులాట. "గోవిందా! గోవిందా!" అని జనం హోరు. శేషమ్మ ముందు పెద్దవాళ్ల వీపులే గోడలా ఉన్నాయి. స్వామి ఎదుటికి వచ్చేసరికి మునివేళ్ల మీద లేచింది. దీపాల వెలుగు కొంచెం కనిపించింది. పక్కనే పోలయ్య పెద్దవాళ్ల నడుముల మధ్య నలిగిపోతున్నాడు.

"అక్కా, నాకేం కనపడటంలా" అన్నాడు.

శేషమ్మ మడమలు దించింది. వంగి, తమ్ముణ్ణి రెండు చేతులా పట్టి, తన తల కంటే పైకి ఎత్తింది. చేతులు వణుకుతున్నా దించలేదు. వాడి చొక్కా ముఖానికి అడ్డం పడి ఆమెకు ఇంకేమీ కనిపించలేదు. "నడవండి, నడవండి" అని వెనక నుంచి తోసుకుంటూ జనం వాళ్లను బయటికి తీసుకొచ్చేశారు.

బయట అమ్మ శేషమ్మ చెదిరిన జుట్టు సర్దుతూ అడిగింది. "స్వామిని బాగా చూసినావా తల్లీ?"

"తమ్ముడు చూసినాడమ్మా" అంది శేషమ్మ.

మధ్యాహ్నం కొండ దిగడం మొదలుపెట్టారు. శేషమ్మ పోలయ్య చెయ్యి పట్టుకుని, వాడి అడుగుకు తగ్గట్టు మెల్లగా దిగుతోంది. వాళ్ల వెనక వచ్చిన జనమంతా వాళ్లను దాటుకుని పోతున్నారు.

"స్వామి ఎట్లుండాడో నాకు చెప్పు పోలయ్యా. నేను చూళ్లేదు" అంది.

పోలయ్య ఆగాడు. రెండు చేతులూ ఎంత చాపగలడో అంత చాపాడు.

"ఇంత పెద్ద నామం ఉండిందక్కా!" అని చెప్పడం మొదలుపెట్టాడు.